ఫొటో చూసి పేరు పెట్టిన రైఫిల్

చంద్రపూర్‌లో ఒక బందూకుల దుకాణంలో ముప్పై ఏడేళ్లు మిస్త్రీగా పనిచేసి దిగిపోయాను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్ బొగ్గు గనిలో చేరాడు. నన్ను మాత్రం గనిలో దిగనివ్వలేదు. లేత్ పని నేర్పించి, తెలిసినవాళ్ల ద్వారా ఈ దుకాణంలో పెట్టించాడు. భూమి కింద పనికంటే తుపాకుల మధ్య పని భద్రమని ఆయన లెక్క. ఆ లెక్క తప్పు కాలేదు. ఇన్నేళ్లలో నాకు తగిలిన పెద్ద గాయం స్క్రూడ్రైవర్ వల్ల అయిందే.

తుపాకుల పని అనగానే మీరు ఏవేవో ఊహించుకుంటారు. నేను చేసినదాంట్లో ముప్పాతిక భాగం తుప్పు తీయడం. రైతులు అడవి పందుల కోసం పెట్టుకున్న ఒంటి గొట్టం బందూకులు, బ్యాంకు కాపలాదార్ల బందూకులు, తాతల నుంచి మనవళ్ల పేరు మీదికి మారే బందూకులు. ఎన్నికలు వస్తే లైసెన్సుదారులంతా తమవి తెచ్చి అప్పగిస్తారు, అయిపోగానే తీసుకుపోతారు. ఇన్ని చేతుల మీదుగా వెళ్లాక ఒక బందూకును దూరం నుంచి చూసి దాని రకం చెప్పగలననే గర్వం నాకు వచ్చింది. చాలాసార్లు చెప్పాను కూడా. ఒక్కసారి తప్పు చెప్పాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఒక్కసారి గురించే. చేతిపని నేర్చుకుంటున్నవాళ్లు చదవండి. మన దగ్గర పిల్లలు మరాఠీ బడుల్లో చదివి, తెలుగు మాట్లాడినంత బాగా చదవరు కనుక, చదవగలిగినవాళ్లు మిగతావాళ్లకు వినిపించండి.

నేను దిగిపోవడానికి రెండేళ్ల ముందు, ఒక సోమవారం పొద్దున దుకాణం తెరవక ముందు టీ తాగుతున్నాను. నాతోపాటు పక్క దుకాణాల వాళ్లు నలుగురు ఉన్నారు. ఫోను మోగింది. రాజురా అవతల ఒక ఠాణాలో ఉన్న ఫౌజ్‌దార్, అంటే ఎస్సై, వాట్సాప్‌లో ఫొటో పంపాడు. లైసెన్సు బందూకుల తనిఖీల వల్ల ఆయనకు నేను తెలుసు. ఫొటోలో బల్ల మీద మట్టి కొట్టుకుపోయిన పొడవాటి రైఫిల్ ఉంది. ట్రిగ్గర్ వెనక, చేతిపట్టు కిందికి వంగిన ఇనుప లీవరు. పైన సుత్తి లేదు. కింద ఫౌజ్‌దార్ రాసిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏమిటి, మిస్త్రీ?

టీ తాగుతున్న నలుగురూ నా భుజం మీదుగా తొంగి చూశారు. ఒకాయన "ఏంది గది, రాజుల కాలం నాటిదా?" అన్నాడు. నేను కప్పు పక్కన పెట్టి, బొటనవేలితో రెండు మాటలు కొట్టి పంపాను. మార్టిని. త్రీ నాట్ త్రీ.

మొదటి మాట నిజమే. ఆ లీవరు ఉన్నది మార్టిని రకం. లీవరు కిందికి లాగితే లోపలి ఇనుప దిమ్మె దిగుతుంది, వెనకనుంచి ఒక్క తూటా పెట్టాలి, లీవరు ఎత్తితే దిమ్మె మూసుకుంటుంది. ఒకసారికి ఒకటే తూటా. రెండో మాట నేను చూసి చెప్పింది కాదు. చాలా ఏళ్ల క్రితం నాగ్‌పూర్‌లో మరో మిస్త్రీ దగ్గర ఇట్లాంటిదే ఒకటి చూశాను. దానికి గొట్టం మార్చి త్రీ నాట్ త్రీ చేశారు. నా జీవితంలో చూసిన మార్టిని అదొక్కటే. కనుక ఇదీ అదే అయి ఉంటుందనుకున్నాను. ఫొటోలో గొట్టం మూతి కూడా కనబడటం లేదు. అయినా పంపాను. నలుగురూ నన్ను మెచ్చుకున్నారు. నేను టీ పూర్తి చేశాను.

మరునాడు మధ్యాహ్నం మా సేఠ్ నన్ను గల్లా దగ్గరికి పిలిచాడు. ఆయన డెబ్బై దాటిన మనిషి, తండ్రి నుంచి ఈ వ్యాపారం తీసుకున్నాడు. గొంతు పెంచి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"నువ్వు ఏదో రైఫిల్‌కు త్రీ నాట్ త్రీ అని చెప్పావట," అన్నాడు.

"చెప్పాను సేఠ్."

"చేత్తో పట్టుకుని చూశావా?"

నేను ఫోను తీసి ఆ ఫొటో ఆయన ముందు పెట్టాను.

"అది ఠాణాకు తెచ్చి ఇచ్చిన మనిషిని నిన్నటి నుంచి ఠాణాలో కూర్చోబెట్టారు," అన్నాడు సేఠ్. "వెళ్లి చూడు."

ఇక్కడ మీకు ఒక సంగతి తెలియాలి. త్రీ నాట్ త్రీ అంటే ఫౌజు తుపాకి. మామూలు మనిషికి దానికి లైసెన్సే ఇవ్వరు. ఇంట్లో దొరికితే అది పాత సామాను కాదు, పెద్ద నేరం. పైగా మా జిల్లా అంచుల్లో నక్సలైట్లు తిరిగే అడవులు ఉన్నాయి. అలాంటి తుపాకి బయటపడితే పోలీసులు మొదట అడిగేది అది అడవిలోంచి ఎవరు తెచ్చి పెట్టారని. అడగడం వాళ్ల పని. వాళ్లు అడిగేలా చేసింది నా బొటనవేలు.

ఆ రోజే సామాను సంచి తీసుకుని బల్లార్‌పూర్ మీదుగా రాజురా బస్సు ఎక్కాను. ఠాణా చేరేసరికి సాయంత్రం కావస్తోంది. వరండాలో బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లు ఉంటాయి. మోకాళ్ల దాకా మట్టి ఎండిపోయి ఉంది. విరూర్ దాటాక ఉండే ఊళ్లలో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్లలో ఒకడు. నేను తెలుగులో పలకరించేసరికి లేచి నిలబడ్డాడు.

"పాత మట్టిల్లు కూలగొడ్తున్నం అన్నా," అన్నాడు. "కొత్తది కట్టుకుందామని. గోడ సగం పడ్డంక లోపట్నుంచి గిది బయటపడ్డది. మైనపు గుడ్డల చుట్టి ఉన్నది. నేనే సైకిల్ మోటరు మీద పెట్టుకొని తెచ్చి ఇచ్చిన. ఇస్తె మంచిది అనుకున్న. ఇప్పుడు ఎవడిచ్చిండు, ఎవడిచ్చిండు అని అడుగుతుండ్రు. గోడ ఇచ్చిందని ఎన్నిసార్లు చెప్పాలె?"

నేను "చూద్దాం తమ్మీ" అన్నాను. త్రీ నాట్ త్రీ అన్న మనిషిని నేనేనని చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

ఫౌజ్‌దార్ మరాఠీ మనిషి. మాటలు తక్కువ. ఆయన అన్నవి నాకు గుర్తున్నంతలో తెలుగులో చెబుతున్నాను. రైఫిల్ బల్ల మీద పెట్టించి, "చూడు," అన్నాడు. గుడ్డ విప్పాక మొదట నేను చూసింది మూతి. లక్కతో బిగించి మూసి ఉంది. గోడలో పెట్టిన మనిషి పని తెలిసినవాడు. ఇనుము మీదంతా ఇప్ప నూనె పట్టించాడు. అది ఎండి తేనెరంగు బంకలా అయింది. ఆ బంక వల్లే ఇనుము ఇంకా ఇనుములా ఉంది. లక్కను మెల్లగా చెక్కి తీశాను. లోపల గుడ్డ ఉంటే లాగేశాను. తరువాత నా చిటికెన వేలు మూతి దగ్గర పెట్టాను. వేలి కొన గోరు దాకా లోపలికి దిగింది.

త్రీ నాట్ త్రీ గొట్టంలో పెన్సిల్ పడితే ఎక్కువ.

ఆ క్షణంలో నాకు సిగ్గు రావాలి. వచ్చింది కానీ రెండోది వచ్చింది. మొదట వచ్చింది కుతూహలం. ఇది త్రీ నాట్ త్రీ కాకపోతే మరేమిటి? దబదబా సంచిలోంచి కొలిచే వెర్నియర్ తీశాను. గొట్టం లోపల పదకొండు మిల్లీమీటర్ల మీద కొంచెం. అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన నాలుగు వందల యాభై బోరు. అంత లావు గుండు వేసే మార్టినిల గురించి వినడమే కానీ చూసింది లేదు.

"సాహెబ్, నేను తప్పు చెప్పాను," అన్నాను. "ఇది త్రీ నాట్ త్రీ కాదు."

ఫౌజ్‌దార్ కలం కింద పెట్టాడు. "నిన్న అవును అన్నావు. నేను పైకి రాసి పంపాను. ఇవాళ కాదు అంటున్నావు. రేపు ఏమంటావు?"

 కొలిచి చూపిస్తానన్నాను.

తూటా కూర్చునే గది ఎంత వెడల్పు, ఎంత లోతు, ఏ ఆకారంలో ఉందో తెలిస్తే ఏ తూటా పట్టేదో తెలుస్తుంది. లోపల కొలవడం కష్టం. అందుకని పోత పోస్తాం. గది ముందు గొట్టంలో గుడ్డ కుక్కి, గంధకం కరిగించి వెనకనుంచి పోస్తే, చల్లారాక గది ఆకారమే బయటికి వస్తుంది. మరునాడు పొద్దున ఠాణా వెనక టీ పొయ్యి మీద చిన్న గిన్నెలో గంధకం పెట్టాను. మంట సన్నగా ఉండాలి. ఎక్కువైతే నల్లబడి జిగురులా సాగుతుంది. వాసనకు కానిస్టేబుళ్లు ముక్కులు మూసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయారు. ఫౌజ్‌దార్ మాత్రం రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. బెంచీ మీది రైతు కూడా లేచి వచ్చి చూశాడు. తన తలరాత ఒక గిన్నెలో ఉడుకుతోందని అతనికి అర్థమైందనుకుంటాను.

కడ్డీతో మూతి వైపు నుంచి నెడితే పసుపుపచ్చని ముద్ద జారి నా అరచేతిలో పడింది. కింద లావుగా, బొటనవేలంత. పైకి వచ్చేసరికి సీసా మెడలా సన్నబడింది. కొలిచాను. పాత పుస్తకంలోని పట్టికతో సరిచూశాను. ఐదు వందల డెబ్బై ఏడు బోరు తూటా ఒంటిని మెడ దగ్గర నాలుగు వందల యాభైకి నొక్కి చేసిన తూటా అది. నల్ల తుపాకి మందు కాలం నాటిది. మా తాత పుట్టకముందు నుంచి ఉన్న రకం.

నేను ఆనందంగా ఆ ముద్దను ఫౌజ్‌దార్ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"మిస్త్రీ, నీ గంధకం ముద్ద నాకు అర్థం కాదు. మా పై సాహెబ్‌కు అసలే అర్థం కాదు. ప్రయోగశాలకు పంపితే జవాబు వచ్చేదాకా ఈ మనిషి మీద అనుమానం అట్లాగే ఉంటుంది. నువ్వు చెప్పిన తూటా ఒకటి తెచ్చి, దీంట్లో పెట్టి, మూసి చూపించు. సాక్షులుగా పంచులు ఉండాలి. అప్పుడు నేను రాయగలను."

ఆ సాయంత్రం రైతును ఇంటికి పంపారు. పిలిచినప్పుడల్లా రావాలని చెప్పి పంపారు. నేను తూటా వేటలో పడ్డాను.

నాగ్‌పూర్‌కు ఫోను చేశాను. హైదరాబాద్‌కు చేశాను. నాకు తెలిసిన ప్రతి బందూకుల దుకాణానికీ చేశాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన మర్యాదగా, "మిస్త్రీ సాబ్, ఆ తూటా గురించి మా నాన్న కూడా వినే ఉంటాడు, చూసి ఉండడు," అన్నాడు. మా దుకాణంలో పాత సొరుగులన్నీ బోర్లించాను. తుప్పు పట్టిన తూటాలు, పేరు లేని తూటాలు, ఎందుకు దాచామో తెలియని తూటాలు దొరికాయి. ఏదీ ఆ సీసా మెడ ఆకారంలో లేదు. చేసేవాళ్లు మానేసి చాలా కాలమైంది.

ఇక్కడ నా సంగతి ఇంకొకటి చెప్పాలి. లీవరు విప్పి చూసినప్పుడు లోపల తూటా వెనక కొట్టే పిన్ను కొన విరిగి ఉంది. దాని కొలతలు కూడా రాసుకున్నాను, అవసరం లేకపోయినా. దుకాణంలో లేత్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ కొలతలకు కొత్త పిన్ను తిప్పి చేశాను. ఎవరూ అడగలేదు. ఆ రైఫిల్ మళ్లీ పనిచేస్తే ఎట్లా ఉంటుందో చూడాలని నా చేతులు అన్నాయి, అంతే. చాలా బాగా వచ్చింది. కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను.

తూటా దొరక్క కూర్చుని ఉంటే సేఠ్ అడిగాడు, రైఫిల్ మీద అక్షరాలేమైనా ఉన్నాయా అని. ఉన్నాయి. కట్టె మీద, భుజానికి ఆనే చోట, ఇనుప ముద్రతో కొట్టిన గీతలు. ఈసారి నేను ఫొటోను నమ్ముకోలేదు. ఠాణాలో ఉన్నప్పుడే వాటి మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి తెచ్చుకున్నాను. సేఠ్ అద్దాలు పెట్టుకుని దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఉర్దూ," అన్నాడు. "తహసీల్ రాజురా. కింద ఒక నంబరు. ఈ మాట జిరాయత్. సేద్యం. ఇది పంట కాపలా కోసం నమోదైన తుపాకి. నిజాం కాలంలో రాజురా అటువైపు ఉండేది కదా."

కాసేపు ఆ కాగితాన్నే చూసి, అద్దాలు తీశాడు.

"తుపాకి నమోదైతే తూటాలు కూడా ఇచ్చి ఉంటారు. ఊరికే గొట్టం పట్టుకుని పందులను తరమరు. నువ్వు ఊళ్లన్నీ వెతుకుతున్నావు. ఆ ఇంట్లో వెతికావా?"

వెతకలేదు. తుపాకి మీద ఉన్న శ్రద్ధలో తుపాకి ఉన్న ఇంటి గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఫౌజ్‌దార్‌కు ఈ మాట చెబితే, ఎలాగూ ఇంటి పంచనామా మిగిలి ఉందన్నాడు. శుక్రవారం పొద్దున జీపులో బయల్దేరాం. ఫౌజ్‌దార్, నేను, ఒక కానిస్టేబులు, వెనక సీల్ వేసిన గుడ్డలో రైఫిల్. ఊళ్లో ఇద్దరిని పంచులుగా పిలిచారు.

ఇల్లు సగం పడి ఉంది. మట్టి కుప్పల మధ్య రైతు రైఫిల్ దొరికిన చోటు చూపించాడు. రెండు వరసల గోడ మధ్య మనిషి పొడుగున గూడులా ఉంది. మట్టి జల్లించాం. గూట్లో అడుగుదాకా చేయి పెట్టి తడిమాను. ఇప్ప నూనె మరకలు తప్ప ఏమీ లేదు. తూటా కాదు కదా, తూటా ముక్క కూడా లేదు. పదకొండు గంటలకు ఎండ ముదిరింది. ఫౌజ్‌దార్ కాగితాలు మడవడం మొదలుపెట్టాడు.

రేకుల కొట్టం కింద రైతు తల్లి కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. పొద్దుటి నుంచి మమ్మల్ని చూస్తూనే ఉంది. నీళ్లు తాగుదామని నేను అటు వెళ్లాను. చెంబు చేతికిచ్చి ఆమె మళ్లీ కూర్చుంది. ఒడిలోంచి ఆకు తీసింది. నడుముకు చెక్కుకున్న చిన్న సంచిలోంచి ఒక ఇత్తడి గొట్టం తీసి, కట్టె బిరడా లాగి, సన్నటి వెదురు పుల్లతో సున్నం తీసి ఆకుకు రాసుకుంది.

నేను నీళ్లు తాగడం ఆపేశాను. కింద లావుగా ఉంది. పైన సీసా మెడలా సన్నబడింది.

"పెద్దమ్మా, గది ఒకసారి ఇస్తవా?"

"సున్నం కావాల్నా కొడుకా?"

"సున్నం కాదు. గొట్టం."

ఆమె నన్ను వింతగా చూసి ఇచ్చింది. తిప్పి అడుగు చూశాను. అంచు ఉంది. మధ్యలో పిన్ను కొట్టిన గుంట ఉంది. బొటనవేలితో సున్నం, మురికి రుద్దాను. అంకెలు బయటపడ్డాయి. ఐదు, ఏడు, ఏడు. పక్కన గీత. నాలుగు, ఐదు, సున్నా.

గట్టిగా అరిచి ఫౌజ్‌దార్‌ను పిలిచాను.

"ఇది నీకెక్కడిది పెద్దమ్మా?" అని అడిగాను, అందరూ చుట్టూ చేరాక.

"మా అత్తది. నేను కాపురానికి వచ్చినంక నాకిచ్చింది. ఇంక మస్తుగ ఉండెనంట గిసొంటివి. పేలనియాటికి ముందట ఉండే సీసం ఊడదీసి చేపల వలకు గట్టిండ్రంట. లోపలి నల్ల పొడి వాగుల పారబోసిండ్రంట. ఇత్తడి మాత్రం అత్త దాసుకున్నది. ఉన్నయన్నీ ఒక్కొక్కటి పోయినయి. ఇదొక్కటి మిగిలింది."

"మరి బందూకు?"

"మా మామది. పులి గిట్ల వస్తె పేల్చేటోడంట. నిజాం రాజ్యం పోయే దినాలల్ల ఎవ్వరొచ్చినా ఇంట్ల తుపాకి ఉన్నదా అని అడిగేటోళ్లు. గియ్యాల ఒకలు, రేపు ఒకలు. భయపడి గోడల పెట్టి మెత్తిండు. అత్త నాకు చెప్పింది, గోడల ఉన్నది, ఎవ్వరికి చెప్పకు అని."

కొడుకు తల్లి వైపు తిరిగాడు. అతని మొహం నేను ఇప్పటికీ మరచిపోలేదు.

"నీకు ఎర్కనా? రెండు దినాలు నన్ను కూసోబెట్టిండ్రు. నీకు ఎర్క ఉండి చెప్పలేవా?"

"నన్నెవరు అడిగిండ్రు?" అంది ఆమె. "అందరు నిన్నే అడిగిరి. నువ్వు గూడ నన్ను అడగకపోతివి."

 పంచుల్లో ఒకాయన నేల చూపులు చూశాడు. ఆమెను అడగాల్సినవాళ్లలో నేనే మొదటివాణ్ని కనుక తల వంచుకుని సున్నం కడగడానికి నీళ్లు తెచ్చుకున్నాను.

గొట్టాన్ని శుభ్రంగా కడిగి తుడిచాను. సీల్ విప్పారు. లీవరు కిందికి లాగాను. దిమ్మె దిగింది. ఆ ఇత్తడి గొట్టాన్ని గది నోట్లో పెట్టి వేలితో నెట్టాను. జారి వెళ్లి, అంచు దగ్గర ఆగింది. లీవరు ఎత్తాను. దిమ్మె మూసుకున్న చప్పుడు అందరికీ వినబడింది. ఒక త్రీ నాట్ త్రీ ఖాళీ తూటా కూడా వెంట తెచ్చాను. దాన్ని పెడితే సందులో గవ్వలా గలగలలాడింది. ఫౌజ్‌దార్ రెండూ పంచుల చేత వేయించి చూశాడు. తరువాత రాసుకున్నాడు.

రాయడం ఆపి నన్ను అడిగాడు. "ఇప్పుడు చివరి ప్రశ్న. ఇది పేలుతుందా?"

నాకు ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. చట్టంలో పాతకాలపు ఆయుధాలకు ఒక మినహాయింపు ఉంది. పేల్చడానికి పనికిరాని స్థితిలో ఉండాలి, మరమ్మతు చేసినా పనికిరాకూడదు. పేలదు అని చెబితే రైతుకు అన్ని తలనొప్పులూ పోతాయి. రైతు నన్నే చూస్తున్నాడు. నా జేబులో కొత్త పిన్ను ఉంది.

"ఇప్పుడున్నట్టు ఉంటే పేలదు సాహెబ్. పిన్ను విరిగింది."

"మరమ్మతు చేస్తే?"

అబద్ధం చెప్పడం సులువే. ఆ ఊళ్లో నన్ను కాదనగలవాడు లేడు. ఆ రైఫిల్ గురించి ఒకసారి తెలియకుండా తప్పు చెప్పాను, ఈసారి తెలిసి చెబితే ఈ మనిషి బయటపడతాడు కదా అనిపించింది. కానీ ప్రయోగశాల వాళ్లు ఎప్పుడైనా ఆ దిమ్మె విప్పితే, అరగంటలో నిజం తెలిసిపోతుంది. అప్పుడు నేను చెప్పిన మిగతా మాటలు కూడా చెల్లకుండా పోతాయి. ఆ మాటల మీదే ఈ రైతు నిలబడి ఉన్నాడు.

జేబులోంచి కాగితం పొట్లం తీసి ఫౌజ్‌దార్ రాస్తున్న కాగితాల మీద పెట్టాను. "చేయవచ్చు. పిన్ను నేనే చేశాను. ఎవరూ చెప్పకపోయినా చేశాను. దీనికి తూటా దొరకదు. కానీ చేతితో తయారు చేసేవాడు ఉంటే చేయగలడు."

రైతు మట్టి కుప్ప మీద కూర్చుండిపోయాడు. ఫౌజ్‌దార్ పొట్లం విప్పి పిన్నును వెలుతురులో తిప్పి చూశాడు. నేను చెప్పినదంతా నా చేతనే రాయించి సంతకం పెట్టించుకున్నాడు. జీపు ఎక్కేటప్పుడు అన్నాడు: "ఆ చివరి మాట రాయకపోతే నీ మొదటి మాటలు నేను పైకి పంపేవాణ్ని కాదు, మిస్త్రీ. ఇప్పుడు పంపుతాను."

నెలన్నర పట్టింది. ఆ కాలమంతా నేను పని సరిగ్గా చేయలేదు. చివరికి ఫౌజ్‌దార్ ఫోను చేశాడు. పాత పంట కాపలా రైఫిల్ గోడలో దొరికిందనీ, దొరికిన రోజే ఇంటివాళ్లే తెచ్చి అప్పగించారనీ రాసి, కేసు లేకుండా ముగించారు. రైఫిల్ సర్కారు కింద జమ అయింది. ఖాళీ తూటా కూడా దానితోపాటే జమ అయింది, అది తిరిగి రాదు అన్నాడు.

ఆ ఆదివారం నేను ఆ ఊరికి వెళ్లాను. కొత్త గోడలు నడుము ఎత్తు లేచాయి. రైతు ఇటుకలు తడుపుతున్నాడు. పైపు కింద పెట్టి వచ్చాడు. నేను కూర్చోకుండానే చెప్పాను.

"తమ్మీ, మొదాలు త్రీ నాట్ త్రీ అని చెప్పింది నేనే. ఫొటో జూసి చెప్పిన."

అతను తడి చేతులు తుడుచుకున్నాడు. "నాకు ఎర్కనే అన్నా," అన్నాడు. "ఠాణాల రెండో దినమే ఎర్క అయింది. నువ్వెప్పుడు చెప్తవో అని చూస్తున్న."

"ఎందుకు అడగలే?"

"అడిగితే నువ్వు సల్ఫేటు ఉడకబెట్టుడు ఆపేస్తవేమో అనిపించింది."

గంధకాన్ని అతను సల్ఫేటు అన్నాడు. నేను సరిచేయలేదు. ఇంట్లోవాళ్లు ఆ రెండు రోజులు అన్నం ముట్టలేదని కూడా చెప్పాడు. కోపంగా చెప్పలేదు. జరిగింది నాకు తెలిసి ఉండాలన్నట్టు చెప్పాడు. నేను విన్నాను.

అతని తల్లి లోపలి నుంచి నన్ను గుర్తుపట్టి, మొదటి మాటగా అడిగింది. "నా సున్నపు గొట్టం తెచ్చినవా?"

ఆమెకు తుపాకితో పని లేదు. ప్లాస్టిక్ డబ్బీలో సున్నం ఎండిపోతోందట. వారం తరువాత మళ్లీ వెళ్లాను. ఈలోగా ఇత్తడి కడ్డీ తీసుకుని లేత్ మీద అదే కొలతలకు గొట్టం తిప్పి పెట్టుకున్నాను. నా దగ్గర గంధకం పోత కొలతలు ఉన్నాయి కదా. కింద లావు, పైన మెడ, టేకు కట్టె బిరడా. నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. ఆమె చేతిలోకి తీసుకుని బరువు చూసింది, బిరడా తీసి పెట్టింది, తిప్పి అడుగు తడిమింది.

"అంకెలేవి?"

"అంకెలెందుకు పెద్దమ్మా?"

"దాని కింద ఉండె. ఎన్నో ఏండ్ల సంది వేలుకు తగిలేవి. తగిలితెనే నాదని తెలుస్తది."

సంచిలో ఇనుము మీద అంకెలు కొట్టే ఉక్కు పంచీలు ఉన్నాయి. మిస్త్రీ సంచిలో ఎప్పుడూ ఉంటాయి. రైతు ఒక చెక్క దిమ్మె తెచ్చి, గొట్టాన్ని బోర్లించి రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు. నేను ఒక్కొక్క అంకె పెట్టి సుత్తితో కొట్టాను. ఐదు, ఏడు, ఏడు. గీత. నాలుగు, ఐదు, సున్నా. ఆమె తడిమి చూసుకుని, సున్నం నింపుకోవడానికి లోపలికి వెళ్లింది.

ఏ తుపాకిలోనూ పెట్టకూడని వస్తువు మీద తూటా నంబరు కొట్టడం మా పనిలో తప్పు. ముప్పై ఏడేళ్లలో తెలిసి తెలిసి నేను వేసిన తప్పు ముద్ర అదొక్కటే.